వెనక జేబులో విస్కీ సీసా: ఆర్.ఎల్. బర్న్‌సైడ్ ఆల్బమ్‌పై శ్రోతల తగవు

1996 ఫిబ్రవరిలో, అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రపు ఉత్తర భాగంలో ఉన్న హోలీ స్ప్రింగ్స్ ఊళ్ళో, అద్దెకు తీసుకున్న ఒక వేట బంగళాలో ఆర్.ఎల్. బర్న్‌సైడ్ అనే నల్లజాతి బ్లూస్ గాయకుడు న్యూయార్క్ నుంచి వచ్చిన ముగ్గురు తెల్లజాతి రాక్ కుర్రాళ్ళతో కూర్చుని, ఒక్క మధ్యాహ్నంలో ఒక ఆల్బమ్‌కు సరిపడా పాటలు రికార్డు చేశారు. ఆయనకు అప్పటికి అరవై తొమ్మిదేళ్ళు. ఆ ముగ్గురూ జాన్ స్పెన్సర్ బ్లూస్ ఎక్స్‌ప్లోజన్ అనే బృందంవారు. వారికి తోడు బర్న్‌సైడ్‌తో ఎన్నో ఏళ్ళుగా వాయిస్తూ, ఆయన చేత దత్తపుత్రుడనిపించుకున్న కెన్నీ బ్రౌన్ కూడా ఉన్నాడు. అదే ఏడాది మాటడార్ రికార్డ్స్ సంస్థ ఆ పది పాటలను ‘ఎ యాస్ పాకెట్ ఆఫ్ విస్కీ’ అన్న పేరుతో విడుదల చేసింది. దీనిని విన్నవారు నాటి నుంచి నేటి దాకా రెండు వర్గాలుగా చీలిపోయి వాదించుకుంటూనే ఉన్నారు. ఒక వర్గానికి ఇది ఒక పెద్దాయనను కూర్చోబెట్టి ఆడించిన కోతిఆట. మరొక వర్గానికి ఇది బ్లూస్ పేరుతో వచ్చిన వాటిలో అత్యంత సజీవమైన రికార్డు. నేను దీనిని చాలా ఏళ్ళుగా వింటున్నాను. వాద్యాల హోరు విషయంలో మొదటి వర్గంవారు పొరబడ్డారనీ, ఒక్క స్పెన్సర్ గొంతు విషయంలో మాత్రం వారి మాటలో పస ఉందనీ నాకు అనిపిస్తుంది.

ముందుగా శబ్దం సంగతి చెప్పుకోవాలి. ‘గోయిన్ డౌన్ సౌత్’ అన్న మొదటి పాట మొదలుకాగానే, యాంప్లిఫయర్‌ను దాని శక్తికి మించి పెంచితే వచ్చే గరగరలోనుంచి ఒకే ఒక్క గిటార్ పలుకుబడి, అంటే పదేపదే తిరిగివచ్చే చిన్న స్వరవరుస, పైకి లేస్తుంది. అది పాట చివరిదాకా అక్కడే ఉంటుంది. దాని చుట్టూ మిగిలిన గిటార్లు చేరతాయి, స్పెన్సర్ బృందంలోని రస్సెల్ సిమిన్స్ డ్రమ్స్ మీద బండరాళ్ళు దొర్లించినట్టు వాయిస్తాడు, బర్న్‌సైడ్ గొంతు మైకులో చీలిపోతూ వినిపిస్తుంది. నాలుగు గిటార్లు, ఒక డ్రమ్స్ సెట్టు ఉన్న ఈ బృందంలో బేస్ గిటార్ లేదు. అందువల్ల కింది స్వరాలు మెత్తగా పరుచుకోవు; అడుగున పరుపు లేని మంచం మీద పడుకున్నట్టు ప్రతి దెబ్బా నేరుగా తగులుతుంది. మెరుగులు దిద్దిన స్టూడియో ధ్వనికి అలవాటుపడిన చెవికి మొదటిసారి ఇది రికార్డింగులో దొర్లిన పొరపాటులా తోచవచ్చు. నాకూ అలాగే తోచింది. పాత స్పీకర్లు పాడైపోయాయేమోనని తీగలు ఊడదీసి మళ్ళీ బిగించుకున్నాను.

ఈ హోరు ఆ పాటలకు బయటినుంచి అంటించినది కాదని తెలియాలంటే ఆ ప్రాంతాన్ని గురించి కొంచెం చెప్పుకోవాలి. మన గోదావరి జిల్లాల్లో డెల్టా అనీ మెట్ట అనీ తేడా ఉన్నట్టే, మిసిసిపీలో కూడా నది పక్కన పల్లపు డెల్టా ఉంది, దానికి తూర్పున ఎగుడుదిగుడు మెట్ట ప్రాంతం ఉంది. ప్రపంచానికి బ్లూస్ అనగానే గుర్తుకు వచ్చేది ఎక్కువగా డెల్టా సంగీతం, అది షికాగోకు వలసపోయి విద్యుత్ గిటార్ పట్టుకున్నాక మూడు కార్డులతో, అంటే కలిపి మోగించే మూడు స్వరగుచ్ఛాలతో, పన్నెండు కొలతల చట్రంతో స్థిరపడిన రూపం. మెట్ట ప్రాంతపు బ్లూస్ ఈ చట్రాన్ని అంతగా పట్టించుకోదు. అక్కడి పాట తరచుగా ఒకే కార్డు మీద నిలబడి, శ్రుతిపెట్టె మోగుతున్నట్టు ఒకే ఆధారస్వరాన్ని పట్టుకుని, లయను మాత్రమే కొద్దికొద్దిగా అటూ ఇటూ జరుపుతూ సాగుతుంది. అదే ప్రాంతంలో ఓథా టర్నర్ వంటివారు నిలబెట్టిన పిల్లనగ్రోవి, డ్రమ్ముల మేళాల ప్రభావం కూడా ఈ లయలో వినిపిస్తుంది. బర్న్‌సైడ్ తన పొరుగువాడైన మిసిసిపీ ఫ్రెడ్ మెక్‌డవెల్ దగ్గర గిటార్ నేర్చుకున్నది ఈ పద్ధతిలోనే. శనివారం రాత్రి పల్లెల్లోని జూక్ జాయింట్లలో, అంటే చిన్నపాటి తాగుడు, నాట్యశాలల్లో, జనం చెమటలు కారేలా ఆడుతుంటే, నాసిరకం యాంప్లిఫయర్ పగిలిపోయేలా వాయించడం ఆయనకు వృత్తిలో భాగం. కాబట్టి గరగర న్యూయార్క్ నుంచి దిగుమతి అయిందనే వాదన నిలవదు.

బ్లూస్‌ను శ్రద్ధగా సేకరించి వినే శ్రోతల అభ్యంతరం మాత్రం అంత తేలికగా కొట్టివేయదగ్గది కాదు. వారికి బర్న్‌సైడ్ 1967లో జార్జ్ మిచెల్ అనే సేకర్త చేసిన రికార్డింగుల ద్వారా పరిచయం. కరెంటు అక్కర్లేని ఒంటి అక్కూస్టిక్ గిటార్, ఒంటి గొంతు, వెనక నిశ్శబ్దం. ఆ తర్వాత 1994లో ఫ్యాట్ పాసమ్ సంస్థ ద్వారా వచ్చిన ‘టూ బ్యాడ్ జిమ్’ కూడా వారికి నచ్చుతుంది, ఎందుకంటే దానిని నిర్మించిన రాబర్ట్ పామర్ బ్లూస్ చరిత్ర క్షుణ్ణంగా తెలిసిన విమర్శకుడు, ఆయన పాటలను పాడుచేయకుండా ఉన్నవి ఉన్నట్టుగా పట్టుకున్నాడు. ఆ రెండింటి తర్వాత ఈ ఆల్బమ్ వింటే, పెద్దాయన ఇంట్లోకి అరుపుల గుంపు జొరబడ్డట్టు అనిపించడం సహజమే. అయితే ఈ శ్రోతలు సౌకర్యంగా మరిచిపోయే సంగతి ఒకటి ఉంది. 1970ల చివరలోనే బర్న్‌సైడ్ తన కొడుకులతో ‘సౌండ్ మెషీన్’ అనే విద్యుత్ వాద్యబృందాన్ని నడిపారు, అందులో ఫంక్, సోల్ అనే నల్లవారి జనరంజక సంగీతపు ఛాయలు నిరభ్యంతరంగా కలిసిపోయి ఉన్నాయి. ఏకాంతంగా అక్కూస్టిక్ గిటార్ మీటుతూ కూర్చున్న పల్లెటూరి వృద్ధుడు సేకర్తలకు ప్రియమైన బొమ్మ. కుటుంబంతో, బంధువులతో, కరెంటుతో వాయించడమే ఆయనకు అలవాటు.

ఇలాంటి ప్రయోగాలు అంతకు ముందు చెడిపోయిన మాట మాత్రం నిజం. షికాగోలోని చెస్ సంస్థ 1968లో మడ్డీ వాటర్స్ అనే పేరున్న బ్లూస్ గాయకుడి చేత ‘ఎలక్ట్రిక్ మడ్’ అనే సైకెడెలిక్ ఆల్బమ్ చేయించింది. మరుసటి ఏడు హౌలిన్ వుల్ఫ్ అనే మరో బ్లూస్ గాయకుడి చేత అలాంటిదే ఇంకొకటి చేయించి, ఈ ఆల్బమ్ ఆయనకు నచ్చలేదని అట్ట మీదే అచ్చువేసి అమ్ముకుంది. ఆ రెండు ఆల్బమ్‌లు ఇప్పుడు కొందరికి ప్రీతిపాత్రమయ్యాయి గాని, అక్కడ జరిగిందేమిటంటే గాయకుడి కోసం స్టూడియో వాద్యకారులు ముందే ఒక ధ్వనిని సిద్ధం చేసిపెట్టారు, ఆయన వచ్చి అందులో ఇమడవలసి వచ్చింది. హోలీ స్ప్రింగ్స్‌లో దీనికి సరిగ్గా వ్యతిరేకంగా జరిగిందని విన్నవారికి ఇట్టే తెలుస్తుంది. పాటను మొదలుపెట్టేది బర్న్‌సైడ్ గిటార్, ముగించేదీ ఆయనే. లయ మార్చాలనిపిస్తే ఆయన మారుస్తారు, మిగిలినవారు ఒక అరక్షణం వెనకబడి అందుకుంటారు. ‘స్నేక్ డ్రైవ్’లో ఆ అరక్షణపు తొట్రుపాటు స్పష్టంగా వినబడుతుంది, ఆ తొట్రుపాటే ఆ పాటకు ప్రాణం. అందరూ కలిసి ఒక్క గదిలో ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ వాయిస్తే తప్ప అది రాదు.

ఇక స్పెన్సర్ గొంతు. అసలు తగవంతా నిజానికి ఇక్కడే ఉంది. 1980ల్లో ఇంకా గరుకైన నాయిస్ రాక్ బృందాన్ని నడిపి వచ్చిన స్పెన్సర్‌కు తన సొంత ఆల్బమ్‌లలో పాట మధ్యలో తన బృందం పేరును తానే అరిచే అలవాటుంది. ప్రవచనకారుడి ఆవేశాన్ని, ఎల్విస్ ప్రెస్లీ వణుకును, పాత ఆర్ అండ్ బీ (రిథమ్ అండ్ బ్లూస్) గాయకుల హుంకారాన్ని కలిపి వెటకారమో భక్తో తేలని ఒక గొంతు తయారుచేసుకున్నాడు. తన ఆల్బమ్‌లో అది అతని ఇష్టం. కాని ఆ గొంతు ఎలాంటివారినుంచి వచ్చిందో అలాంటి మనిషే పక్కన కూర్చుని ఉన్నప్పుడు అది వేరే అర్థం ఇస్తుంది. ముఖానికి మసి పూసుకుని నల్లవారిలా నటించి నవ్వించిన పాత అమెరికన్ ప్రదర్శనల జ్ఞాపకం ఆ దేశపు శ్రోతలకు రాకుండా ఉండదు, రావడం తప్పూ కాదు. నన్ను కూడా ఈ గొంతు రెండు మూడు చోట్ల ఇబ్బంది పెట్టింది.

అయినా తెలుగు శ్రోతగా నాకు ఇంకొక పోలిక కూడా తట్టింది. బుర్రకథలో కథకుడి పక్కన ఇద్దరు వంతలు ఉంటారు. వారు తందాన అని అందుకోవడమే కాకుండా, మధ్యలో అడ్డుపడతారు, ఎగతాళి చేస్తారు, అడగకూడని ప్రశ్నలు అడుగుతారు, కథకుడు వారిని కసిరి కథను ముందుకు నడుపుతాడు. వంత ఎంత అల్లరి చేస్తే కథకుడి గాంభీర్యం అంత పెరుగుతుంది. ‘ది క్రిమినల్ ఇన్‌సైడ్ మీ’ అన్న పాటలో స్పెన్సర్, బర్న్‌సైడ్ మాటకు మాట అనుకుంటూ బూతులతో తగవులాడుకునే ఘట్టాన్ని నేను ఈ దృష్టితో వింటాను. కుర్రవాడు రెచ్చగొడతాడు, పెద్దాయన ఒక్క మాటతో అతనిని కూలదోస్తాడు. ఆ మాట అన్నాక ఆయన గొంతులో దొర్లే తృప్తి ఎవరూ రాసి ఇచ్చింది కాదు. ఆ పాటలో గెలిచింది ఎవరన్నదానిలో సందేహం లేదు. ‘బూగీ చిల్లెన్’లో మాత్రం ఈ సమర్థన పనిచేయదు. జాన్ లీ హుకర్ 1948లో ఒంటి గిటార్‌తో, కాలితో నేల తట్టుకుంటూ పాడిన ఆ పాటకు ఎదురు చూడటం, ఆగటం, చెవిలో చెప్పినట్టు చెప్పటం ముఖ్యం. ఇక్కడ ఖాళీ దొరికిన ప్రతిచోటా ఒక అరుపు వచ్చి కూర్చుంది. వంతలే కథ చెప్పడం మొదలుపెడితే ఎలా ఉంటుందో అలా ఉంది.

దీనిని ఆకాశానికెత్తే రాక్ శ్రోతల మీద కూడా నాకు ఫిర్యాదు లేకపోలేదు. వారిలో చాలామంది ఈ ఆల్బమ్‌ను మెచ్చుకునే మాటలు చూస్తే, తాగుబోతు ముసలాయన బూతులు, తుపాకులు, జైలు అన్న సరుకు తప్ప సంగీతం ప్రస్తావన తక్కువ. బర్న్‌సైడ్ ఒక మనిషిని చంపిన కేసులో పార్చ్‌మన్ జైలుకు వెళ్ళివచ్చిన మాట వాస్తవం. ఆయన యువకుడిగా షికాగోకు వలస వెళ్ళి, అక్కడ తండ్రిని, అన్నదమ్ములను హత్యల్లో పోగొట్టుకుని తిరిగి మిసిసిపీ చేరుకున్నారన్నదీ అంతే వాస్తవం. మొదటిదాన్ని చెప్పి నవ్వేవారు రెండోదాన్ని చెప్పరు. ఆల్బమ్ పేరు విషయంలోనూ ఇదే జరుగుతుంది. ప్యాంటు వెనక జేబులో పట్టేంత చిన్న సీసాడు విస్కీ అని దాని అర్థం. వ్యాకరణం ప్రకారం రావలసిన ‘యాన్’ బదులు ‘ఎ’ అనే ఉంచేశారు. మాట్లాడే మాటను మాట్లాడినట్టే అచ్చువేయడం మాండలికాన్ని గౌరవించడమా, దానిని చూపించి నవ్వించడమా అన్న ప్రశ్న మన పత్రికల్లో తెలంగాణ, ఉత్తరాంధ్ర యాసల గురించి ఎన్నిసార్లు రాలేదు! ఈ పేరు పెట్టినవారు ఆ గీతకు ఏ పక్కన ఉన్నారో నేను తేల్చుకోలేకపోయాను. లోపల పాటల్లో ఆయన యాస వింటే మాత్రం నవ్వు రాదు, వినాలనిపిస్తుంది.

పాటలన్నీ ఒకే స్థాయిలో లేవు. బుక్కా వైట్ 1937లో రికార్డు చేసిన ‘షేక్ ఎమ్ ఆన్ డౌన్’ను మెక్‌డవెల్ మెట్టప్రాంతపు లయలోకి మార్చాడు, బర్న్‌సైడ్ బృందం దానిని ఇంకా కుదించి, ఒక యంత్రంలా తిప్పుతుంది, తీగల మీద గొట్టం జార్చి వాయించే కెన్నీ బ్రౌన్ స్లైడ్ గిటార్ దానిమీద కత్తి నూరినట్టు సాగుతుంది. మొదటి పాట తర్వాత ఈ ఆల్బమ్‌లో శిఖరం నా లెక్కలో ఇదే. ‘పూర్ బాయ్’లో ఇల్లు వదిలివచ్చినవాడి పాత దుఃఖం హోరు కింద నలిగిపోకుండా బయటపడటం ఆశ్చర్యమనిపిస్తుంది. ‘వాకిన్ బ్లూస్’ నాకు సాధారణంగా తోచింది. దానిని ఇంతకంటే బాగా పాడినవారు ఎందరో ఉన్నారు. ‘టోజో టోల్డ్ హిట్లర్’ రెండో ప్రపంచ యుద్ధకాలపు పేర్లతో ఆడుకునే పాట, ఒకటి రెండుసార్లు వినడానికి సరదాగా ఉంటుంది. చివర ‘హావ్ యు ఎవర్ బీన్ లోన్లీ?’ దగ్గరికి వచ్చేసరికి గంటల తరబడి అరిచిన గదిలో అలసట దిగినట్టు ఉంటుంది.

ఈ మధ్య ఈ ఆల్బమ్ దగ్గరికి చేరుకుంటున్న యువ శ్రోతలు చాలావరకు బ్లాక్ కీస్ అనే రాక్ బృందం ద్వారా వస్తున్నారు. 2021లో ఆ బృందం ‘డెల్టా క్రీమ్’ పేరుతో మెట్టప్రాంతపు పాటలనే కొత్తగా వాయించి విడుదల చేసింది, అందులో కెన్నీ బ్రౌన్ కూడా వాయించాడు, ‘గోయిన్ డౌన్ సౌత్’ కూడా ఉంది. రెండింటినీ వరుసగా వినడం మంచి పాఠం. బ్లాక్ కీస్ పాటలో ప్రతి వాద్యానికీ దాని చోటు దానికి కేటాయించారు, గొంతు తేటగా, పైస్థాయిలో తేలుతుంది, మధ్యాహ్నం కునుకులా హాయిగా ఉంటుంది. అదే పాట 1996లో ఎవరో తలుపు బాదుతున్నట్టు ఉంటుంది. కొత్త శ్రోతల్లో చాలామంది బ్లాక్ కీస్ పాటనే ఇష్టపడతారు, దానిలో ఆక్షేపించవలసిందేమీ లేదు. కాని ఆ పాటలోని బెదిరింపు, ఊరు వదిలి పోవాలన్న తెగింపు మాత్రం 1996 నాటి దానిలోనే ఉన్నాయి.

ఎవరు ఎవరిని వాడుకున్నారన్న ప్రశ్నకు ఆల్బమ్ తర్వాతి సంగతులు కొంత జవాబు చెబుతాయి. బర్న్‌సైడ్ దీనితో బ్లూస్ ఉత్సవాలకు ఎన్నడూ వెళ్ళని కుర్రకారు ముందుకు చేరారు. 1998లో ఆయన పాటలను విద్యుత్ లయలతో, ముక్కలు అతికించే పద్ధతిలో రూపొందించిన ‘కమ్ ఆన్ ఇన్’ వచ్చింది, అందులోని ఒక పాట ‘ది సొప్రానోస్’ అనే టెలివిజన్ ధారావాహికలో వినబడి ఇంకా దూరం పోయింది. ఆ ఆల్బమ్‌ను నేను దీనికంటే చాలా తక్కువగా అంచనా వేస్తాను, ఎందుకంటే ఆయన అక్కడ గదిలో లేరు, ఆయన గొంతు ముక్కలు మాత్రమే ఉన్నాయి; వాడుకోవడం అన్న మాటను నేను అక్కడికి తీసుకువెళతాను. బర్న్‌సైడ్ 2005 సెప్టెంబరు 1న మెంఫిస్‌లో కన్నుమూశారు. చివరి దశాబ్దపు కచేరీల్లో ఆయన వెనక డ్రమ్స్ వాయించిన మనవడు సెడ్రిక్ బర్న్‌సైడ్ ‘ఐ బి ట్రైయింగ్’ ఆల్బమ్‌కు 2022లో సంప్రదాయ బ్లూస్ విభాగంలో గ్రామీ అందుకున్నాడు. ఆ ఆల్బమ్ నెమ్మదిగా, తేటగా ఉంటుంది. తాత హోరును మనవడు వారసత్వంగా తీసుకోలేదు, ఆ ఒంటికార్డు శ్రుతిని మాత్రం తీసుకున్నాడు.

కొనదలచినవారికి, వినదలచినవారికి రెండు మూడు మాటలు. ఇందులో బూతులు దండిగా ఉన్నాయి, ఇంట్లో పిల్లలు తిరుగుతున్నప్పుడు స్పీకర్ల మీద పెట్టవలసిన ఆల్బమ్ కాదు. ఫోనుకుండే చిన్న స్పీకరులో వింటే బేస్ లేని ఈ సంగీతం వట్టి రేకుల చప్పుడుగా మిగిలిపోతుంది. మంచి ఇయర్‌ఫోన్లలోనో, కాస్త పెద్ద స్పీకర్లలోనో, మామూలుగా పెట్టుకునే దానికంటే కొంచెం ఎక్కువ ధ్వనితో వినాలి. దీనికి మీరు ఎంత డబ్బు పెట్టినా ధ్వని శుభ్రపడదు కాబట్టి ఖరీదైన ముద్రణల కోసం వెతకవలసిన పని కూడా లేదు. బ్లూస్ అసలే కొత్త అయినవారు ముందు ‘టూ బ్యాడ్ జిమ్’ విని, అందులోని గిటార్ పలుకుబడి చెవికి పట్టుబడ్డాక ఇక్కడికి వస్తే, హోరులో ఏది బర్న్‌సైడ్ వేలు, ఏది మిగిలినవారి గోల అన్నది విడదీసి వినగలుగుతారు. రాక్ వినే అలవాటున్నవారికి ఆ మెట్టు అక్కర్లేదు. నేను ఇప్పుడు దీనిని మొదటినుంచి చివరిదాకా వినడం తక్కువ. మొదటి పాట, ‘స్నేక్ డ్రైవ్’, ‘షేక్ ఎమ్ ఆన్ డౌన్’ ఈ మూడింటినీ వరుసగా పెట్టుకుంటాను. స్పెన్సర్ అరుపులు వచ్చిన చోట ఇప్పటికీ ముఖం చిట్లిస్తాను. ఈలోపల పెద్దాయన గిటార్ మళ్ళీ అదే చోటుకు వచ్చి నిలబడుతుంది, పాట ఆపాలన్న సంగతి మరిచిపోతాను.